తెల్ల మచ్చ దశలోనే పట్టుకుంటే

శ్రోతలకు నమస్కారం. పిప్పి పన్ను అనగానే నల్లటి గుంట, రాత్రిపూట పోటు గుర్తొస్తాయి. అంతదాకా రాకముందు ఆ పన్ను మీద తెల్ల మచ్చ ఉంటుంది. పిల్లల పై పెదవి ఎత్తి, పళ్లను మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురులో చూడండి. చిగుళ్ల అంచున సుద్దముక్క రంగులో మచ్చ కనబడితే పంటి గట్టి పైపొర ఎనామెల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోతున్నాయేమో అని అనుమానించాలి. గుంట పడనంత వరకూ పోయిన ఖనిజాలు చాలావరకు తిరిగి చేరతాయి. డ్రిల్లు అక్కర్లేదు.

మన చిత్తూరు వైపు ఒక చిక్కుంది. కొన్ని పల్లెల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానివల్లా తెల్ల మచ్చలొస్తాయి. అవి పన్ను మొలిచినప్పుడే ఉంటాయి, కుడి ఎడమల పళ్ల మీద దాదాపు ఒకేలా కనిపిస్తాయి. పుచ్చు మచ్చ మాత్రం పాచి నిలిచేచోటే వస్తుంది. "నీళ్లలోనే ఉంటే మళ్లీ పేస్టులో ఎందుకు సార్?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పళ్లు తయారయ్యే వయసులో ఎక్కువగా మింగిన ఫ్లోరైడ్ మచ్చలు తెస్తుంది. పేస్టులోది పంటి పైన పనిచేసి, పోయిన ఖనిజాలు తిరిగి చేరడానికి సాయపడుతుంది. అందుకే మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. తోమాక ఉమ్మించండి, నీళ్లతో పుక్కిలించనక్కర్లేదు. అలాంటి ఊళ్లవాళ్లు డాక్టరుకు నీళ్ల సంగతి ముందే చెప్పాలి.

"చక్కెర మానేశాం, మన బెల్లమే పెడుతున్నాం" అనే తల్లులు చాలామంది. నోట్లోని క్రిములకు రెండూ ఒకటే. తీపి తిన్న ప్రతిసారీ అవి ఆమ్లం తయారుచేస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది, అది సుమారు 5.5 కంటే దిగితే ఎనామెల్ కరుగుతుంది. తర్వాత లాలాజలం నెమ్మదిగా సర్దుతుంది, మనం దానికి వ్యవధి ఇస్తే. కాబట్టి ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. లడ్డూ ప్రసాదం వద్దని చెప్పే ధైర్యం తిరుపతిలో ఏ డాక్టరుకూ ఉండదు, నాకూ లేదు. రోజంతా చిటికెడు చిటికెడు నోట్లో వేసుకోకుండా ఒకేసారి తినేయండి, అంతే.

ఇక క్లినిక్‌లో చేసేవి. పంటికి అంటుకునే 5 శాతం సోడియం ఫ్లోరైడ్ పూతను, అంటే వార్నిష్‌ను, బ్రష్షుతో పూస్తాం, నిమిషాల పని. ఆరేళ్లప్పుడు వచ్చే దవడ పళ్ల గాడులను సీలెంట్ అనే పూతతో మూస్తాం. గుంట పడినా పోటు లేకపోతే 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ చుక్క వేసి పుచ్చు ముదరకుండా ఆపే ప్రయత్నం చేయొచ్చు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పుచ్చిన భాగం నల్లబడుతుంది, అది ముందే చెప్పి ఒప్పుకుంటేనే వేయాలి. ముందు పళ్లకైతే చాలామంది ఒప్పుకోరు, వాళ్లను తప్పుపట్టలేం. కుర్చీ చూస్తేనే ఏడ్చే పసివాళ్ల పాలపళ్లకు మాత్రం నా ఓటు దీనికే. రాత్రి నిద్రలేపే పోటు, వాపు ఉంటే ఇవేవీ చాలవు, పుచ్చు లోపలి నరం దాకా పోయినట్టే.

ఒక్కోసారి వార్నిష్ పూసి, ఆరు నెలలకు రమ్మంటే, "ఏమీ చెయ్యకుండానే ఫీజు తీసుకున్నాడు" అని గొణుగుతారు. ఒకసారి చెక్కిన పన్ను మళ్లీ పెరగదు. ఫిల్లింగు ఊడిన ప్రతిసారీ గుంట ఇంకాస్త పెద్దదవుతుంది. వార్నిష్ పూయించుకున్న రోజు గట్టి తిండి, వేడి కాఫీ వద్దు, మర్నాడు పొద్దున మామూలుగా తోముకోవచ్చు. సెలవు.