వరదకి వంతెనలు కొట్టుకుపోయి 11 ఏళ్లకి తిరిగొచ్చిన రైలు: జపాన్ తదామి లైన్

హాయ్ అండీ, జపాన్ రైలు అనగానే మనకి బుల్లెట్ ట్రైనే గుర్తొస్తుంది కదా, ఇవాళ చెప్పబోయేది దానికి పూర్తిగా ఆపోజిట్. కరెంటు లైన్ లేదు, సింగిల్ ట్రాక్, ఒకటో రెండో బోగీల డీజిల్ బండి. పేరు తదామి లైన్.

(స్క్రీన్ మీద మ్యాప్) ఇదిగో, ఈ చివర ఫుకుషిమా జిల్లాలో ఐజు-వకమత్సు సిటీ, ఆ చివర నీగాత జిల్లాలో కొయిదే. మొత్తం 135 కిలోమీటర్లు, నాలుగు గంటల పైనే పడుతుంది. సిటీ దాటగానే వరి పొలాలు, తర్వాత కొండలు, ఇక తదామి నది ఒకసారి కుడి పక్క ఒకసారి ఎడమ పక్క, ఎందుకంటే లైన్ ఆ నదిని పదే పదే దాటుతూ పోతుంది.

(వీడియో: మొదటి వంతెన) ఇది మిషిమా ఊరి దగ్గర మొదటి వంతెన. కొండ మీద వ్యూపాయింట్‌లో జనం కెమెరాలు పెట్టుకుని బండి కోసం ఎదురుచూస్తుంటారు. కింద నీళ్లు చూడండి, అలే లేదు, వంతెన మొత్తం తలకిందులుగా కనిపిస్తోంది. నదికి వరసగా డ్యాములు కట్టారు కాబట్టి నీళ్లు చెరువులా నిలబడిపోతాయి. ఎండాకాలం పొద్దున్నే పొగమంచు లేస్తే బండి దాంట్లోంచి మెల్లగా బయటికొస్తుంది, నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

అసలు ఆ డ్యాములకీ ఈ లైన్‌కీ గట్టి లింకుంది. లైన్ మధ్యలో ఉన్న ఐజు-కవగుచి స్టేషన్ నుంచి తదామి వైపు ట్రాక్ వేసింది ప్యాసింజర్ల కోసం కాదు, తగోకురా డ్యామ్ కట్టడానికి సామాన్లు మోయడానికి, 1963లో గానీ అందులో మామూలు జనం ఎక్కలేదు. మన అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైన్ కూడా ఇంతే కదా, బైలదిల్లా ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి తెచ్చి ఇదే జపాన్‌కి పంపడానికి వేశారు. తదామి లైన్ ఈ చివర నుంచి ఆ చివరకి కలిసింది 1971లో, ఆరు కిలోమీటర్లు దాటిన సొరంగం తవ్వాక.

1980ల్లో నష్టాల లైన్లు చాలా మూసేశారు, దీన్ని మాత్రం మంచు కాపాడింది. రెండు జిల్లాల మధ్య కొండ రోడ్డు చలికాలమంతా మంచుతో మూసుకుపోతుంది, రైలు తప్ప దారి లేదు, బస్సు వేస్తామనడానికి కూడా వీల్లేదు.

కానీ 2011 జూలైలో, భూకంపం, సునామీ వచ్చిన నాలుగు నెలలకే, కుండపోత వాన పడి మూడు వంతెనలు దెబ్బతిన్నాయి, గడ్డర్లు నదిలోకి పోయాయి. ఐజు-కవగుచి నుంచి తదామి దాకా 27.6 కిలోమీటర్లు బండి ఆగిపోయింది, దాని బదులు బస్సు. ఈ లైన్ నడిపే రైల్వే కంపెనీ జేఆర్ ఈస్ట్ లెక్కలో ఆ ముక్కకి ప్యాసింజర్లు మరీ తక్కువ, రిపేరుకేమో సుమారు 900 కోట్ల యెన్లు. అక్కడి వాళ్లు మాత్రం వదల్లేదు! ఏళ్ల తరబడి మాట్లాడి చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు: ట్రాక్, వంతెనలు ఫుకుషిమా ప్రభుత్వానివి, వాటి బాగోగులు వాళ్లే చూస్తారు, జేఆర్ ఈస్ట్ బండి నడుపుతుంది. 2022 అక్టోబర్ 1న మళ్లీ మొదలైంది, ఆ రోజు ట్రాక్ పొడవునా జనం నిలబడి చేతులు ఊపారు.

వెళ్దామనుకుంటే టోక్యో నుంచి కోరియామా దాకా షింకాన్‌సెన్, అంటే బుల్లెట్ ట్రైన్, అక్కడ మారితే ఐజు-వకమత్సు. ఈ చివర నుంచి ఆ చివరకి రోజుకి మూడే బళ్లు, ఒకటి మిస్సయితే గంటల తరబడి కూర్చోవాలి, కాబట్టి టైంటేబుల్ చూసుకున్నాకే రూమ్ బుక్ చేయండి.