కౌన్సెలింగ్ సైకాలజీ పీహెచ్‌డీ: మీ గురించి మీరు ఏం రాయాలి

అందరికీ నమస్కారం. అమెరికాలో కౌన్సెలింగ్ సైకాలజీ పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నవాళ్లు తమ గురించి రాసే స్టేట్‌మెంట్లు చాలావరకు "చిన్నప్పటి నుంచీ నలుగురికీ సాయం చేయాలని" అంటూ మొదలవుతాయి. ఆ వాక్యం కొట్టేయండి. నర్సింగ్‌కు అప్లై చేసేవాళ్లూ అదే రాస్తారు.

చాలాచోట్ల మిమ్మల్ని ఎంచుకునేది ఒక గైడ్. తన ల్యాబ్‌లో ఐదారేళ్లు మీరు ఏం తవ్వుతారన్నదే ఆ గైడ్ చూస్తారు. కాబట్టి మీ ఆసక్తిని ప్రశ్న అయ్యేదాకా చెక్కాలి.

ఒకటి చెక్కి చూద్దాం. "వలస విద్యార్థుల మానసిక ఆరోగ్యం": ఇది గోదాము. "అమెరికాలో ఎంఎస్ చదివే తెలుగువాళ్ల దిగులు": కాస్త దారికొచ్చింది. "వాళ్లు దిగులును ఏ మాటల్లో చెప్పుకుంటారు, పీహెచ్‌క్యూ-9 ఆ మాటల్ని పట్టుకుంటుందా?": ఇదీ ప్రశ్నంటే. పీహెచ్‌క్యూ-9 అంటే డిప్రెషన్‌ను పసిగట్టే ఇంగ్లిష్ ప్రశ్నావళి, అందులో 9 అంశాలుంటాయి. గత రెండు వారాల గురించి అడుగుతారు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 27లో 10 గానీ అంతకు మించి గానీ వస్తే లోతుగా చూడాలి. అందులోని 'డిప్రెస్డ్'ను తెలుగులో 'నిరాశ' అని రాస్తే, ఆశ పోయిందా అని అడిగినట్టు. 'దిగులు' అంటే ఇంటిమీద బెంగ పెట్టుకున్నవాళ్లూ అవుననే అంటారు. తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి చూస్తే రెండూ సరిపోయినట్టే ఉంటాయి, తప్పు అక్కడ దొరకదు. కొందరిని కూర్చోబెట్టి "ఈ ప్రశ్న మీకెలా అర్థమైంది?" అని అడిగితేనే దొరుకుతుంది.

నేపథ్యం సంగతి. డిగ్రీలు సీవీలో ఎలాగూ ఉంటాయి, మళ్లీ వద్దు. చేసిన ఒక్క పని చెప్పండి: ఎవరితో, వారానికి ఎన్ని గంటలు, ఎవరి సూపర్‌విజన్‌లో. హెల్ప్‌లైన్‌లో ఫోన్లు ఎత్తితే అదే రాయండి, "థెరపీ చేశాను" అనొద్దు. మీ సొంత కష్టం రెండు వాక్యాలు దాటకూడదు. మీ దగ్గరికి వచ్చినవాళ్ల కథ రాసేటప్పుడు పేరు మార్చితే చాలదు. ఊరు, కాలేజీ, బ్యాచ్ చెప్తే మనవాళ్ల వాట్సాప్ గ్రూపులకు పది నిమిషాల పని.

సీటొచ్చాక ఒక జాగ్రత్త. మొదటి ప్రాక్టికమ్ (చదువులో భాగంగా సూపర్‌విజన్‌లో చేసే క్లినికల్ పని) నుంచే గంటల లెక్క వారం వారం రాసుకోండి: క్లయింట్ల ఎదురుగా కూర్చున్నవి, వాళ్లకు మానసిక పరీక్షలు పెట్టినవి, సూపర్‌విజన్‌వి వేర్వేరుగా. చివర్లో ఏడాది ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేసేటప్పుడు వాటిని విడివిడిగానే అడుగుతారు. అప్పటికి మూడేళ్ల కిందటి మంగళవారం ఎవరికీ గుర్తుండదు.