లండన్ టు న్యూయార్క్: దూరం ఒక్కటే, టైమ్ మాత్రం రెండు

నమస్తే అండీ. లండన్ నుంచి న్యూయార్క్‌కి విమానంలో వెళ్ళడానికి సుమారు 8 గంటలు. తిరిగి రావడానికి 7 గంటల దగ్గర. ఊళ్ళు అవే, దూరం అదే. మరి ఈ గంట ఎక్కడికి పోయింది? లెక్క వేసి చూద్దాం.

ముందు దూరం. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, లండన్ హీత్రూ ఎయిర్‌పోర్ట్ మీద రైట్ క్లిక్ కొట్టండి. దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. దాన్ని నొక్కి, న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్ మీద క్లిక్ చేయండి. దాదాపు 5,540 కిలోమీటర్లు అని చూపిస్తుంది. మ్యాప్ చదునుగా ఉంటే గీత పైకి వంగినట్టు కనబడుతుంది, కంగారు పడకండి. న్యూయార్క్ లండన్‌కి దక్షిణంగానే ఉన్నా, దగ్గర దారి మొదట కాస్త ఉత్తరానికే వెళ్తుంది. నమ్మకం కుదరకపోతే గ్లోబు మీద దారం లాగి పట్టి చూడండి.

ఇక టైమ్. పెద్ద జెట్ విమానం వేగం గంటకి 900 కిలోమీటర్లు అనుకుందాం. 5,540ని 900తో భాగిస్తే 6 గంటల 10 నిమిషాలు. పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి ఇంకో అరగంట కలపండి.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అసలు ఆట గాలిది. ఈ దారిలో చాలా ఎత్తున, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే జోరుగాలి వీస్తుంది. న్యూయార్క్ వెళ్ళేటప్పుడు అది ఎదురుగాలి. గంటకి 100 కిలోమీటర్లు తగ్గించిందనుకోండి, 800తో భాగించాలి. దాదాపు 7 గంటలు. అరగంట కలిపితే ఏడున్నర, విమానం రన్‌వే దాకా మెల్లగా కదిలే సమయంతో 8. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. 1,000తో భాగిస్తే ఐదున్నర గంటలే, మిగతావి కలిపితే ఆరున్నర నుంచి 7. 2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను గాలుల్లో ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 5 గంటల లోపే వచ్చేసింది! చలికాలంలో ఈ గాలి ఇంకా బలంగా ఉంటుంది.

టికెట్ చూసి మాత్రం మోసపోకండి. ఉదయం 11కి లండన్‌లో బయల్దేరి మధ్యాహ్నం 2కి న్యూయార్క్‌లో దిగుతారని ఉంటే, ప్రయాణం 3 గంటలు కాదు. ఎక్కడి టైమ్ అక్కడి గడియారం ప్రకారమే వేస్తారు. న్యూయార్క్ 5 గంటలు వెనక ఉంటుంది కాబట్టి 3కి 5 కలిపి 8. వచ్చేటప్పుడు సాయంత్రం 7కి ఎక్కి మర్నాడు ఉదయం 7కి దిగితే, 12లోంచి 5 తీసేసి 7.

ఇంకో చిన్న మెలిక. బ్రిటన్‌లో, అమెరికాలో వేసవికి గడియారాలు గంట ముందుకి జరిపి, తర్వాత మళ్ళీ వెనక్కి తిప్పుతారు. కానీ రెండు దేశాలూ ఈ మార్పు ఒకే రోజున చేయవు. అందుకే మార్చిలో కొన్ని రోజులు, అక్టోబర్ చివర్లో ఒక వారం పాటు తేడా 4 గంటలే. ఆ రోజుల్లో టికెట్ కొంటే 5 బదులు 4 వేసుకోండి.