నడుస్తున్న సర్వర్ గడియారాన్ని వెనక్కి జరపొద్దు

మీ సర్వర్ గడియారం ఐదు సెకన్లు ముందుంది అనుకుందాం. టైమ్ మార్చే డేట్ కమాండ్ కొడితే ఒక్క దెబ్బకు సరిపోతుంది కదా అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. సర్వర్ మీద డేటాబేస్ నడుస్తుంటే అసలే వద్దు.

మీరు వెనక్కి జరిపిన మరుక్షణం ఆ ఐదు సెకన్లు రెండోసారి వస్తాయి. లాగ్‌లో, అంటే జరిగినవన్నీ టైమ్‌తో సహా నమోదయ్యే ఫైల్‌లో, తర్వాత జరిగింది ముందు జరిగినట్టు పడుతుంది. ఒక పనికి ఎంతసేపు పట్టిందో లెక్కేస్తే మైనస్ వస్తుంది. ఇదేదో ఊహించి చెప్తున్నది కాదు. 2017 జనవరి 1 మొదలవుతూనే, లీప్ సెకను (భూమి తిరుగుడుకు సరిపోయేలా గడియారాలకు అదనంగా చేర్చే సెకను) కలిపిన సమయంలో, ఇంటర్నెట్ సేవల కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ వాడే డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేర్లకు అడ్రస్‌లు వెతికిపెట్టే) సాఫ్ట్‌వేర్‌కు సరిగ్గా ఇలాంటి మైనస్ సంఖ్యే ఎదురైంది. కాలం వెనక్కి పోదన్న నమ్మకంతో రాసిన కోడ్ అది, కొన్ని సర్వర్లలో కుప్పకూలింది.

మరి ఏం చేయాలి? గడియారం నడకనే కాస్త తగ్గించాలి. దీన్నే స్లూ అంటారు. ఒక్కసారిగా జరపడాన్ని స్టెప్ అంటారు.

పాత యూనిక్స్ పద్ధతిలో చూస్తే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. సెకనుకు 100 టిక్‌లు, అంటే గడియారం వేసే 100 చిన్న అడుగులు. ప్రతి టిక్‌కూ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో కీలక భాగం) గడియారానికి 10,000 మైక్రోసెకన్లు కలుపుతుంది. స్లూ చేసేటప్పుడు 9,995 మాత్రమే కలుపుతుంది. టైమ్ ముందుకే పోతోంది, కాకపోతే కొంచెం నిదానంగా. ఏ ప్రోగ్రామ్‌కూ వెనకటి సెకను మళ్లీ కనిపించదు. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే.

ఓపిక మాత్రం కావాలి. ఈ వేగంతో సెకనుకు అర మిల్లీసెకను సర్దుకుంటుంది. ఒక సెకను తేడా పోవడానికి 33 నిమిషాలు, మన ఐదు సెకన్లకు దాదాపు 2 గంటల 47 నిమిషాలు. అదే పది నిమిషాల తేడా అయితే రెండు వారాలు! అందుకే పెద్ద తేడాలుంటే బూట్ అయ్యేటప్పుడే, అప్లికేషన్లు ఇంకా లేవకముందే స్టెప్ చేసేయాలి.

నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీ వాడేవాళ్లు ఒకటి గమనించండి. తేడా 128 మిల్లీసెకన్లు దాటి అలాగే కొనసాగితే అది మామూలుగా స్టెప్ చేసేస్తుంది. మైనస్ ఎక్స్ ఆప్షన్ ఇస్తే ఆ హద్దు 600 సెకన్లకు పెరుగుతుంది. అలాంటిదే మరో ప్రోగ్రామ్ క్రోనీ. దాని సెట్టింగుల ఫైల్‌లో అయితే మేక్‌స్టెప్ 1.0 3 అని రాయండి. మొదటి మూడు అప్‌డేట్‌లలో తేడా సెకను దాటితేనే స్టెప్, ఆ తర్వాత ఎప్పుడూ స్లూనే. పైగా లినక్స్‌లో క్రోనీ చాలా వేగంగా సర్దగలదు, ఐదు సెకన్లు నిమిషం పైచిలుకులో అయిపోవచ్చు.

కోడ్ రాసేవాళ్లకు ఇంకొక్క మాట. వ్యవధి కొలవడానికి మోనోటోనిక్ క్లాక్ (ఎప్పుడూ ముందుకే నడిచే గడియారం) వాడండి, అది స్టెప్‌కు చెక్కుచెదరదు. కానీ లినక్స్‌లో స్లూ ప్రభావం దాని మీదా ఉంటుంది. అది కూడా తగలకూడదంటే మోనోటోనిక్ రా అనే క్లాక్ తీసుకోండి.