అమ్మకు చదివి వినిపించిన మూడు పుస్తకాలు

అందరికీ నమస్కారం.

హన్మకొండలో పుస్తకాల గురించి మాట్లాడాలంటే నాకు టెన్షన్‌గానే ఉంటుంది. 1904లోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న ఊరు ఇది. కాళోజీ తిరిగిన వీధులివి. నేనేమో కాజీపేటలో గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరైన మనిషిని. బల్లార్షా రన్నింగ్ రూములో, ఒక డ్యూటీకీ ఇంకో డ్యూటీకీ మధ్య చదువుకున్నదే నా సాహిత్యం. అందుకని విమర్శ జోలికి పోను. ఈ వానకాలంలో పూర్తి చేసిన మూడు పుస్తకాల గురించి నాకు అనిపించింది చెబుతాను.

ఈసారి ఒక్కడినే చదువుకోలేదు. మా అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు తొంభై దగ్గర పడుతున్నాయి. అక్షరం రాదు. ఇప్పుడు చూపు కూడా బాగా తగ్గింది. టీవీ ముందు కూర్చోబెడితే "ఎవరు మాట్లాడుతాండ్లో తెలుస్తలేదు" అంటుంది. ఒకరోజు నేను పెదవులు కదుపుకుంటూ చదువుతుంటే, "నీలో నువ్వు గొణుక్కునుడేంది, జర పైకి చదువరాదు" అన్నది. అప్పటి నుంచి రోజూ దీపాలు పెట్టే వేళ ఒక గంట చదువుతున్నాను.

పైకి చదివితే పుస్తకం వేరేగా ఉంటుందండీ. కంటితో చదివేటప్పుడు బాగాలేని వాక్యాన్ని దాటేసి పోతాం. నోటితో చదివేటప్పుడు అది గొంతులో అడ్డం పడుతుంది. వినే మనిషికి ఇంకా తొందరగా తెలిసిపోతుంది.

మొదటిది వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'. తెలంగాణ పల్లెను, గడిని అంటే దొర ఉండే కోటలాంటి ఇంటిని, వెట్టిని నవలలోకి తెచ్చిన తొలి పుస్తకాల్లో ఇది ఒకటి. నిజామాబాద్ ప్రాంతపు ఊరు దిమ్మెగూడెం, దొర రామభూపాలరావు, పూజారి కొడుకు కంఠీరవం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి చదివాను. అప్పుడు కంఠీరవం నాకు దేవుడిలా కనిపించాడు. ఇప్పుడు అట్లా అనిపించలేదు. ఆ పిల్లవాడు ఎక్కడా తప్పు చేయడు, ఎక్కడా తడబడడు. ఊరు, ఇల్లు, గుడి, పొలం తగాదాలు నడిచినంతసేపు నవల ఉరుకుతుంది. పాత్రలు ఉపన్యాసం అందుకోగానే బరువెక్కుతుంది. ఈ మాట నాలో నేను అనుకుంటుండగానే అమ్మ అందుకుంది. "గింత సేపు ఒక్కడే మాట్లాడుతడా బిడ్డా? ఇనేటోళ్లకు పనులు లేవా?"

అయినా నాకు ఆ పుస్తకం మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. ఎందుకంటే రాసిన మనిషి ఎవరో ఒకసారి చూడండి. ఇతరుల ఇళ్లల్లో వంట చేసి, హోటల్లో సర్వర్‌గా నిలబడి చదువుకున్నాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చువేసిన పుస్తకాలను తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది, 1929లో వచ్చింది. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. అట్లాంటి రోజుల్లో నలుగురు ఒకచోట కూర్చోవడానికి మిగిలిన జాగాల్లో గ్రంథాలయం ఒకటి. సభలో చెప్పనివ్వని మాటను ఆయన నవలలో చెప్పాడు. అందుకే ఆ ఉపన్యాసాలు. ఇది తెలిశాక నాకు అవి విసుగ్గా అనిపించలేదు. కానీ నవలగా అవి బరువే, అది కూడా ఒప్పుకోవాలి. గౌరవం ఉందని బాగాలేనిదాన్ని బాగుందనడం ఆయనకు మర్యాద కాదు.

రెండోది సామల సదాశివ గారి 'స్వరలయలు'. 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. హిందుస్తానీ సంగీతం, ఘరానాలు అంటే ఆ సంగీతపు గురుపరంపరలు, ఉస్తాదుల సంగతులు. నాకు సంగీతంలో సరిగమలు కూడా రావు, మా అమ్మకు ఆ పేర్లు నోరు తిరగవు. రెండు పేజీలకే ఆపేస్తుందనుకున్నాను. ఆమె ఆపనివ్వలేదు.

ఎందుకంటే సదాశివ గారు పాఠం చెప్పరు, ముచ్చట పెడతారు. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి ఒక సంగతి మొదలుపెట్టి, అందులోంచి ఇంకోటి, దాన్నుంచి రెండు పాదాల ఉర్దూ షేర్ ఒకటి, మళ్లీ మొదటి సంగతి. ఉర్దూ, ఫార్సీ, మరాఠీ అన్నీ వచ్చిన మనిషి. ఆ భాషలన్నీ ఆయన తెలుగులో కలిసిపోయాయి కానీ ఎక్కడా గొప్ప చూపించుకోవు. నోటితో చదవడానికి ఇంత హాయిగా ఉన్న వచనం నేను ఈ మధ్య చూడలేదు. ఊపిరి ఎక్కడ ఆపాలో వాక్యమే చెబుతుంది. ఒక ఇబ్బంది ఉంది. రాగాల పేర్లు మనకు తెలుసు అనుకొని ముందుకు పోతారు. తెలియని పాఠకుడు అక్కడక్కడ వెనకబడతాడు. నేను చాలాసార్లు వెనకబడ్డాను.

అట్లా వెనకబడ్డప్పుడే ఫోన్‌లో వెతికి అబ్దుల్ కరీం ఖాన్ పాడిన భైరవి రాగం పెట్టాను. 1937లో చనిపోయిన గాయకుడు. పాత గ్రామఫోను రికార్డు కదా, మూడు నిమిషాలకు అటూ ఇటూ, వెనక గరగర. అమ్మ కళ్లు మూసుకొని విన్నది. అయిపోయాక, "మా పెద్దమ్మ బతుకమ్మ కాడ గిట్లనే గుంజి పాడుతుండె. ఆమె గుంజితె మేమంత చప్పట్లు ఆపి ఇంటుంటిమి" అన్నది. ఆ పెద్దమ్మ పాడేదని ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

నాకు ఒక బాధ ఉంది, ఇక్కడ చెప్పుకుంటాను. సదాశివ గారిది పాత ఆదిలాబాద్ జిల్లా దహెగాం దగ్గర తెనుగుపల్లె, కాగజ్‌నగర్‌కు దగ్గరి ఊరే. 2012లో పోయారు. ఏళ్ల తరబడి నేను గూడ్స్ బండి చివర బ్రేక్ వ్యాన్‌లో కూర్చొని కాగజ్‌నగర్ దాటుతూనే ఉన్నాను. అట్లాంటి మనిషి ఆ జిల్లాలో ఉన్నాడని అప్పుడు తెలిసుంటే, ఒక సెలవు పెట్టి ఆదిలాబాద్ పోయి కలిసేవాణ్ణి.

మూడోది దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'. చినగూడూరులో పుట్టినవాడు, మన పాత వరంగల్ జిల్లా మనిషి. బెజవాడ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన సంగీతగాడు సారంగపాణి కళ్లతో తెలంగాణ ఊరిని, గడిని చూపించాడు. దీని మీద అమ్మ ఒక ప్రశ్న వేసింది. "మన ఊరు మనకు చూపెట్టనీకి బయటి మనిషెందుకు?" నేను రెండు రోజులు ఆలోచించాను. మొదట ఆమెదే న్యాయం అనిపించింది. తర్వాత మా మనవరాలిని "గడి అంటే ఏంది?" అని అడిగితే, క్రాస్‌వర్డ్‌లో ఉండే గడి అని చెప్పింది. ఆ పిల్లకు ఇప్పుడు సారంగపాణి కావాలి. అతను ఆశ్చర్యపోయిన చోటల్లా ఆమె కూడా ఆగి చూస్తుంది. రంగాచార్య అంత దూరం ఆలోచించాడో లేదో గానీ, ఆ ఏర్పాటు ఇప్పుడే ఎక్కువ పనికొస్తోంది. పాత్రలు మాట్లాడే తెలుగు, మధ్యమధ్య ఉర్దూ, నోటికి కల్తీ లేకుండా తగులుతాయి. చదువుతుంటే నా గొంతు నాకే మా తాత గొంతులా వినిపించింది.

ఈ నవలలో ఆడబాప ఉంటుంది, వనజ. చిన్నవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి చెబుతాను. దొర బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు సేవకని ఒక పేదింటి పిల్లను వెంట పంపేవాళ్లు. ఆ పిల్లకు పెళ్లి ఉండదు. ఆ ఇంటి మగవాళ్లు ఏం చేసినా పడాలి. పుట్టిన పిల్లలకు తండ్రి పేరు ఉండదు. దాన్ని రంగాచార్య గొంతు పెంచకుండా రాశాడు. దొర కూతురు మంజరి కంటే వనజ నాకు ఎక్కువ గుర్తుండిపోయింది. మంజరిని రచయిత ముద్దుగా చూశాడు, వనజను బాధతో చూశాడు. ఆ తేడా వాక్యాల్లో తెలుస్తుంది.

అక్కడికి వచ్చేసరికి అమ్మ చెయ్యి ఎత్తింది. "చాలు బిడ్డా. ఇయ్యాల్టికి మూయి."

మూసేశాను. కొంతసేపటికి తనే అన్నది, "మా ఊర్ల గడిల గిట్లనే ఒకామె ఉండె. బాయికాడికి ఒక్కతే వచ్చేది. మమ్ముల మాట్లాడనిచ్చేటోళ్లు కాదు."

పేరేంటని అడిగాను. "నాకెరుకే. చెప్ప" అన్నది.

తర్వాత నవల నేనొక్కడినే రాత్రి కూర్చొని పూర్తి చేశాను. అమ్మకు మాత్రం మిగతాది చదవలేదు. ఆమె అడగలేదు. నిన్న సాయంత్రం మాత్రం దీపం పెట్టాక, "ఆ పిల్ల ఏమాయె?" అన్నది. పుస్తకం తెచ్చి, పాత రైలు టికెట్ పెట్టిన పేజీ తీశాను. ఆమె మంచం మీద లేచి కూర్చొని, కొంగు సర్దుకొని, "చదువు" అన్నది.