మెజారిటీ ఎంత? లౌడన్ కౌంటీ ఓటు లెక్క

శ్రోతలకు నమస్కారం.

కౌంటింగ్ రోజున మన ఊళ్లలో ఇద్దరు ఎదురుపడితే మొదటి ప్రశ్న, ఎవరు గెలిచారు? రెండో ప్రశ్న, మెజారిటీ ఎంత? ఆ రెండో ప్రశ్న పట్టుకుని ఇవాళ అమెరికాలో ఒక శివారు ప్రాంతానికి వెళ్దాం. పేరు లౌడన్ కౌంటీ. వర్జీనియా రాష్ట్రంలో, వాషింగ్టన్ నగరానికి వాయవ్యంగా ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. ఈ కౌంటీలోని ఆష్‌బర్న్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వింటున్న మీలో కొందరి పిల్లలు అక్కడే ఉండవచ్చు.

1990లో అక్కడి జనాభా 86 వేలు. 2020కి 4 లక్షల 20 వేలు. తూర్పున డలెస్ విమానాశ్రయం, డేటా సెంటర్లు, వరుస ఇళ్ల కాలనీలు. పడమట పర్సెల్‌విల్ దాటితే ఇంకా పొలాలు, గుర్రాల శాలలు. ఓటు కూడా అలాగే ఉంటుంది. తూర్పు డెమోక్రాట్ల వైపు, పడమర రిపబ్లికన్ల వైపు.

అధ్యక్ష ఎన్నికల్లో 1968 నుంచి 2004 దాకా ఈ కౌంటీ ప్రతిసారీ రిపబ్లికన్లకే వేసింది. 2008లో ఒబామా వైపు తిరిగింది. 2020లో నూటికి 61న్నర ఓట్లు బైడెన్‌కు, 36న్నర ట్రంప్‌కు పడ్డాయి. తేడా 25 శాతం.

ఇప్పుడు అసలు ఉదాహరణ. కాగితం, పెన్ను దగ్గరుంటే తీసుకోండి.

2020లో లౌడన్‌లో బైడెన్ మెజారిటీ సుమారు 56 వేలు. మరుసటి ఏడాది, 2021లో, గవర్నర్ ఎన్నిక. అక్కడ గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకుంటారు, మన ముఖ్యమంత్రి లాంటి పదవి అనుకోండి. లౌడన్‌లో డెమోక్రాట్ మెకాలిఫ్ మెజారిటీ సుమారు 18 వేలు. రెండుసార్లూ లౌడన్‌లో గెలిచింది డెమోక్రాట్లే. కానీ 56 వేలు 18 వేలయింది. రాష్ట్రం మొత్తం మీద రిపబ్లికన్ యంగ్‌కిన్ సుమారు 64 వేల ఓట్లతో గవర్నరయ్యారు.

లౌడన్‌లో 38 వేల మెజారిటీ పోయింది కదా, అంతమంది మనసు మార్చుకున్నారా? కాదు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. గవర్నర్ ఎన్నికకు ఓటేసేవాళ్లే తక్కువ. 2020లో లౌడన్‌లో పోలైనవి సుమారు 2 లక్షల 25 వేలు, 2021లో 1 లక్షా 62 వేలు. మొగ్గు ఏమీ మారకుండా, తేడా అదే 25 శాతంగా నిలిచి ఉంటే, 1 లక్షా 62 వేల మీద మెజారిటీ 40 వేల పైచిలుకు రావాలి. వచ్చింది 18 వేలు. అంటే 56 నుంచి 40కి తగ్గడం పోలింగ్ తగ్గడం వల్ల. 40 నుంచి 18కి తగ్గడం మొగ్గు తగ్గడం వల్ల. ఆ తగ్గిన 22 వేలే చూడాల్సిన సంఖ్య. అందులోనూ పార్టీ మారినవాళ్లు కొందరు, ఇంట్లో ఉండిపోయినవాళ్లు కొందరు. ఆ ఇద్దరినీ ఫలితాల పట్టిక విడదీసి చూపదు.

ఆ ఏడాది అక్కడ పాఠశాల బోర్డు సమావేశాల గొడవ దేశమంతా మారుమోగింది. ఓటు తగ్గడానికి అదొక్కటే కారణమని అనడం తొందరపాటని నా అభిప్రాయం. అధ్యక్ష ఎన్నిక జరిగిన మరుసటి ఏడాది వర్జీనియా గవర్నర్ ఎన్నికలో అధ్యక్షుడి పార్టీకి దెబ్బ తగలడం పాత అలవాటే.

అందుకే గవర్నర్ ఎన్నికను గవర్నర్ ఎన్నికతోనే పోల్చాలి. 2017లో డెమోక్రాట్ నార్తమ్‌కు లౌడన్‌లో తేడా సుమారు 20 శాతం. 2021లో 11. తగ్గింది 9, అంతే. 25తో పోల్చితే భూకంపంలా కనిపించినది, 20తో పోల్చితే గట్టి కుదుపుగా తేలుతుంది. అధ్యక్ష ఎన్నికలూ అంతే. 2016లో తేడా 17, 2020లో 25, 2024లో డెమోక్రాట్ హారిస్‌కు సుమారు 16. లౌడన్ దాదాపు 2016 దగ్గరికి వచ్చి ఆగింది. 2025 గవర్నర్ ఎన్నికలో డెమోక్రాట్ స్పాన్‌బర్గర్‌కు ఆ తేడా మళ్లీ బాగా పెరిగింది. అదే రోజు మన హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హాష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా, అంటే గవర్నర్ తర్వాతి పదవికి, గెలిచారు.

ఇంకో సంగతి. వర్జీనియాలో ఓటరు నమోదు ఫారంలో పార్టీ పేరు రాయరు. ఫలానా కౌంటీలో ఆ పార్టీ ఓటర్లు ఇంతమంది అని ఎవరైనా కచ్చితంగా చెబితే నమ్మకండి. చేతిలో ఉండేది పాత ఫలితాలే.

ఇక కౌంటింగ్ రాత్రి. మన దగ్గర పోస్టల్ బ్యాలెట్లు ముందు లెక్కపెడతారు. 2020లో వర్జీనియాలో పోలింగ్ రోజు ఓట్లు ముందు కనిపించాయి, ముందస్తు ఓట్లు, అంటే పోలింగ్ రోజుకు ముందే వేసినవి, తర్వాత వచ్చాయి. రాత్రి తొలి గంటల్లో ట్రంప్ ఆధిక్యం, చివరికి రాష్ట్రంలో బైడెన్‌కు 10 శాతం మెజారిటీ. అందుకని ఈసారి మీ పిల్లలు ఫోన్ చేసి లౌడన్‌లో ఫలానావాళ్లు ముందున్నారంటే, ముందస్తు ఓట్లు కలిశాయా అని అడగండి. కలవకపోతే కాగితం మీద ఏమీ రాయకండి. కలిశాక శాతం తేడా రాసి, పక్కన నాలుగేళ్ల కిందటి అదే పదవి ఎన్నికలోని తేడా రాయండి. తపాలా ఓట్లకు మాత్రం చివర ఒక గడి ఖాళీగా వదలండి. 2025 దాకా ఉన్న నిబంధన ప్రకారం, పోలింగ్ రోజు లోపు తపాలా ముద్ర పడిన కవరు పోలింగ్ తర్వాత మూడో రోజు మధ్యాహ్నం 12 గంటల దాకా వచ్చినా లెక్కలోకి వస్తుంది.

నమస్కారం.