అద్దాలు లేని లేసర్: ఫోటాన్ల లెక్క చెప్పేది

సభకు నమస్కారం.

లేసర్ అనగానే ఎదురెదురుగా నిలిపిన రెండు అద్దాలు, వాటి నడుమ కాంతిని పెంచే మాధ్యమం గుర్తుకొస్తాయి. అద్దాలు తీసేసి ఆ మాధ్యమంలోనే సూక్ష్మ రేణువులను కలిపితే, కాంతి వాటికి తగిలి చెదురుతూ, ఎక్కువసేపు లోపలే తిరుగుతూ, ప్రేరిత ఉద్గారం వల్ల, అంటే వచ్చిన కాంతి మాధ్యమం నుంచి తనలాంటి కాంతినే మరింత పుట్టించడం వల్ల, బలపడుతుందని సోవియట్ శాస్త్రవేత్త లెతోఖోవ్ 1960ల చివర్లోనే చెప్పారు. 1994లో లవాందీ బృందం రోడమీన్ అనే రంగు ద్రావణంలో టైటానియం డయాక్సైడ్ రేణువులు కలిపి ప్రయోగం చేసినప్పుడు, పంపిన శక్తి ఒక స్థాయి దాటగానే వెలువడే కాంతి వర్ణపటం బాగా సన్నబడింది. తర్వాత హుయ్ కావో బృందానికి జింక్ ఆక్సైడ్ పొడిలో మరింత సన్నని, విడివిడి గీతలు కనిపించాయి. వీటినే రాండమ్ లేసర్లు అంటున్నాం.

గీత సన్నబడితే చాలు, అది లేసరే అనుకోవడం పొరపాటని నా గట్టి అభిప్రాయం. దీపపు కాంతిని కూడా ఫిల్టర్‌తో ఎంత సన్నగానైనా వడకట్టవచ్చు. దాని స్వభావం మాత్రం మారదు. ఆ స్వభావం బయటపడేది ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, లెక్కపెట్టినప్పుడే. ఒకే మోడ్‌కు, అంటే ఒకే కంపన రీతికి, చెందిన కాంతిని, సంబద్ధతా కాలం (తరంగం తన పొంతన నిలుపుకునే కాలం) కన్నా చిన్న వ్యవధుల్లో మళ్లీ మళ్లీ లెక్కిస్తే సగటున 4 ఫోటాన్లు వచ్చాయనుకుందాం. దీపపు కాంతి అయితే బోస్-ఐన్‌స్టీన్ విభాజనం ప్రకారం ప్రతి ఐదు వ్యవధుల్లో ఒకటి ఖాళీగా పోతుంది, విస్తృతి (లెక్కలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత, వేరియన్స్) 20 ఉంటుంది; అంటే ఫోటాన్లు గుంపులుగా వస్తాయి. లేసర్ కాంతి అయితే పాయిసాన్ విభాజనం ప్రకారం ఖాళీ వ్యవధులు నూటికి రెండు కూడా ఉండవు, విస్తృతి 4 దగ్గరే ఆగుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. సమానమైన వంద మోడ్‌ల దీపపు కాంతిని కలిపి లెక్కిస్తే, సగటు అదే 4 అయినా విస్తృతి 4.16కు దిగివచ్చి, లేసర్ కాంతేమోనని భ్రమ కలిగిస్తుంది. అందుకే కావో బృందం ఒక్క గీతనే వేరుచేసి చూసింది. లేసర్ మొదలయ్యే ఆరంభ స్థాయి దగ్గర బోస్-ఐన్‌స్టీన్ పోలికలో ఉన్న విభాజనం, శక్తి పెంచిన కొద్దీ పాయిసాన్ వైపు మళ్లిందని 2001లో ప్రకటించింది. అద్దాలు లేకపోయినా ఆ గీత నిజమైన లేసర్ కాంతేనని అప్పుడు తేలింది.

లెక్కను తప్పుదారి పట్టించే ఆ మోడ్‌ల గుంపే మరో చోట మేలు చేస్తుంది. మామూలు లేసర్ చుక్కను గోడ మీద పడేసి చూడండి, ఇసుక చల్లినట్టు మెరుపు నలుసులు కనిపిస్తాయి. ఆ కాంతితో తీసిన బొమ్మను పాడుచేసేది, తరంగాలు ఒకదానితో ఒకటి కలవడం వల్ల ఏర్పడే ఆ వ్యతికరణపు నలుసులే. రాండమ్ లేసర్‌లో ఎన్నో మోడ్‌లు ఒకేసారి వెలుగుతాయి. ఏ మోడ్‌కు ఆ మోడ్ సంబద్ధమే అయినా, వాటి మధ్య పొంతన ఉండదు కనుక ఒకదాని నలుసులను మరొకటి చెరిపేస్తుంది. ఇలా ప్రాదేశిక సంబద్ధతను, అంటే వేర్వేరు చోట్ల తరంగాల మధ్య ఉండే పొంతనను, తగ్గించిన రాండమ్ లేసర్ వెలుగులో నలుసులు లేని బొమ్మలు తీయవచ్చని అదే బృందం 2012లో చూపించింది.